ఆరు కాళ్ల నడక

పుణె,
అక్టోబరు 6.

కోపం తగ్గని అన్నకు,

తనూజ రాస్తున్నది. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

అమ్మ దినాల నాడు అందరి ముందు నువ్వు పెట్టిన ఒట్టు నాకు గుర్తుంది. "ఇగ నీ గొంతు ఫోన్ల వింటే చమేలీ మీద ఒట్టు" అన్నావు. ఏడు నెలలైంది. నేను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తితే ఒట్టు తప్పి గుర్రానికి ఏదో అవుతుందని నీ భయం. సరే, ఉత్తరానికి గొంతు లేదు కదా, ఇది ఒట్టు కిందికి రాదు.

ఆ రోజు నేనన్నది తప్పే. అమ్మ ఫొటోకు వేసిన దండ వాడకముందే, పెండ్లి గుర్రాన్ని ఇంకెన్నాళ్లు మేపుతావు, అమ్మేసి ఎక్కడన్నా వాచ్‌మన్‌గా చేరమని అని ఉండకూడదు. క్షమించమని అడగడం లేదు, నీ దగ్గర అది అంత తొందరగా దొరకదని తెలుసు. నాకు నీతో ఒక పని పడింది. (ఇదేంది, బడి తెలుగులో రాస్తున్నదని నవ్వుతావేమో. మన మాటలో మొదలుపెడితే లొల్లి పెట్టుకుంటాను, లేదా ఏడుస్తాను. రెండూ ఇప్పుడు పనికిరావు.)

మా యానిమేషన్ స్టూడియోలో ఒక యుద్ధం సీరియల్ చేస్తున్నాం. అందులో రాజుగారి గుర్రాన్ని నేనే అడిగి తీసుకున్నాను. బాపు కాలం నుంచి గుర్రాల పక్కనే పడుకుని పెరిగినదాన్ని, నాకు రాకపోతే ఎవరికి వస్తుందని ధీమా. మూడు వారాలు గీశాను. మా సూపర్‌వైజర్ శ్రవణ్‌కుమార్ చూసి, "తనూజా, ఇది యుద్ధానికి పోవట్లేదు, బరాత్‌కు పోతోంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గదికొచ్చి మళ్లీ చూసుకుంటే ఆయన అన్నది నిజమే. మెడ వంచి, ముందు కాలు ఎత్తి ఎత్తి, బ్యాండు దెబ్బకు అడుగేస్తోంది నా గుర్రం. పైన రాజు కత్తి దూసి కూర్చున్నాడు, కింద చమేలీ డ్యాన్స్ చేస్తోంది. అన్నా, పుట్టినప్పటి నుంచి గుర్రాలను చూశాను కానీ, పరుగెత్తే గుర్రాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నా నోట్‌బుక్కు అంచుల మీద పేజీకొకటి నువ్వు గుర్రాన్ని గీసేవాడివి, గుర్తుందా? పేజీలు గబగబా తిప్పితే ఉరికేది. లెక్కల సారు నన్ను కొట్టింది ఆ బుక్కు గురించే. ఆ గుర్రం కూడా తప్పే. టాంగా వెనక రేకు మీద గీసినట్టు, ముందు కాళ్లు ముందుకూ వెనక కాళ్లు వెనక్కూ చాపి గాల్లో తేలేది. బాధపడకు, నూట యాభై ఏళ్ల కిందటి దాకా పెద్ద పెద్ద చిత్రకారులంతా అట్లాగే గీశారట. ఉరికేటప్పుడు నాలుగు కాళ్లూ నేల వదులుతాయా లేదా అని జనం జగడమాడుకునేవారు. కంటికి అందే వేగం కాదు. అప్పుడు అమెరికాలో ఒక ఫొటోగ్రాఫరు దారి పక్కన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం ఉరుకుతూ ఒక్కో దారం తెంపితే ఒక్కో ఫొటో పడింది. చూస్తే నాలుగు కాళ్లూ లేచే ఉన్నాయి, కానీ చాపినప్పుడు కాదు, కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు. మా పనికి మూలం ఆ ఫొటోలే.

నాకు చమేలీవి అట్లాంటి బొమ్మలు కావాలి. పక్కింటి వీణను ఫోన్‌లో వీడియో తీయమను. పక్కనుంచి, నాలుగు కాళ్లూ పూర్తిగా పడాలి. వాట్సాప్‌లో పంపితే బొమ్మ మసకబారుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి ఉత్తరంతో పంపించు. ఊరికే నడిచినా చాలు, నడక తెలిస్తే పరుగు నేను కట్టుకుంటాను. నవంబరు ఏడుకల్లా నా గుర్రం సరిగా రావాలి. రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తారు, అంతే.

చమేలీ ఎట్లా ఉంది? నువ్వెట్లా ఉన్నావు?

నువ్వు ఇంకా అనుకుంటే, నీ చెల్లెలు
తనూజ

*

మొఘల్‌పురా,
అక్టోబరు 13.

తనూజకు ఓదెలు రాసేది.

నీ బుక్కు తెలుగు అందింది. రెండుసార్లు చదివిన. చింపలే. ఒట్టు ఫోన్‌కు పెట్టిన గని కాయితానికి పెట్టలేదన్న సంగతి నువ్ చెప్పినంక యాదికొచ్చింది. ఏడు నెలల సంది కరెంటు బిల్లు తప్ప ఈ ఇంటికి ఇంకో కాయితం రాలే.

చమేలీ ఉరుకుడు చూస్తవా? ఏడ ఉరుకాలె అది? మన గల్లీల ఎదురుంగ ఆటో వస్తే గుర్రం గోడకు అతుక్కోవాలె. దాని పదిహేడేండ్ల బతుకుల ఒక్కసారే ఉరికింది, తోక కింద పటాకి పేలితె. అఫ్జల్‌గంజ్ దాక పెండ్లికొడుకు కండ్లు తెరవలే. దిగినంక నాకు దండం పెట్టిండు, పెండ్లిపిల్లకు కూడ గట్ల పెట్టి ఉండడు. అప్పుడు ఏ ఫొటోగ్రాఫరూ దారాలు కట్టుకొని కూసోలే.

మీ శ్రవణ్‌కుమార్ సారుకు చెప్పు, యుద్ధానికి పోవుడు కన్న బరాత్‌కు పోవుడే కష్టమని. యుద్ధంల డీజే ఉండదు, లైట్ల తీగలు కాళ్లకు తట్టుకోవు, తాగినోడు మెడ పట్టుకొని ముద్దు పెట్టడు.

ఇగ నా ఫికర్ చెప్త. బ్యాండు వైకుంఠం కొత్త తెల్లగుర్రాన్ని చూసి పెట్టుకున్నడట, నాలుగేండ్లదట. కార్తీక పున్నమి తెల్లారి వచ్చి చమేలీ నడక చూస్తడట. "ముప్పై అడుగులు నడిపియ్యి ఓదెలూ, కుంటకుంటె ఈ సీజన్ నీదే" అన్నడు. ముప్పై ఏండ్ల దోస్తి, ముప్పై అడుగుల పరీక్ష. అండ్ల తప్పితే చమేలీని ఎవడు పెండ్లికి పిలుస్తడు? పని లేని గుర్రాన్ని నేను ఎన్నొద్దులు మేపుత? ముసలి గుర్రాన్ని కొనేటోడు సవారికి కొనడు. ఎందుకు కొంటడో నీకు తెలుసు, నాకు తెలుసు. అది తలుసుకుంటె బువ్వ దిగుతలేదు.

వీణ వీడియో తీసింది, మన ఆకిట్ల నుంచి బోరింగు దాక. నేను గుర్రానికి అవతల దిక్కు ఉన్న, నా మొఖం పడలే. అదే మంచిగైంది, గడ్డం మస్తు పెరిగింది.

నాకేమైతది? మంచిగనే ఉన్న. కొత్త చెప్పులు కరుస్తున్నయ్, గంతే.

ఓదెలు

*

పుణె,
అక్టోబరు 19.

అన్నకు,

పెన్‌డ్రైవ్ అందింది. తొందరగా రాస్తున్నాను, కాబట్టి చక్కగా రాయలేను. చమేలీ కుంటుతోంది.

ఊరికే కంటితో చూస్తే నాకూ తెలియలేదు. కానీ నా పని కంటితో చూడటం కాదు, లెక్కపెట్టడం. వీణ ఫోన్ సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తుంది. ఒక్కో బొమ్మ ఆపి, దాని మీద నాలుగు కాళ్లూ గీసుకుంటూ పోయాను. మంచి గుర్రం నడిస్తే ప్రతి కాలూ నేల మీద ఉండేది ఒకటే లెక్క. చమేలీకి కుడి ముందు కాలు ఇరవై రెండు బొమ్మలు నేల మీద ఉంటే, ఎడమ ముందు కాలు పదిహేడే ఉంటోంది. ఒకసారి కాదు, బోరింగు దాకా ప్రతి అడుగూ అంతే. పొరపాటేమోనని మూడుసార్లు గీశాను.

నీకు తెలియదంటే నేను నమ్మను. వాకిట్లో కూర్చుని, గోడ అవతల పోయే గుర్రం చప్పుడు విని "వెనక కుడి గిట్టకు కొట్టిన నాలు వదులైంది" అని చెప్పేవాడివి నువ్వు. నీకు తెలుసు, దాచావు. గిట్టలో చీము పట్టిందా, నరం బెణికిందా? పశువుల డాక్టరును పిలిపించు. ఆ కాలితో ముప్పై అడుగులు కాదు, మూడడుగులు కూడా నడిపించకు. నువ్వు దాచి నడిపిస్తే దానికి ఉన్న కాలు కూడా పోతుంది.

నీ భయం నాకు అర్థమవుతుంది అన్నా. కానీ భయపడి నోరులేని దాన్ని చంపుకుంటామా? నువ్వు డాక్టరుకు చూపించకపోతే నేనే వైకుంఠం మామకు ఫోన్ చేసి చెబుతాను. ఇది బెదిరింపే అనుకో.

తనూజ

*

మొఘల్‌పురా,
అక్టోబరు 25.

తనూజా,

నా గుర్రం కుంటిదని కాయితం మీద రాస్తవా? ఆ కాయితం తీసుకొచ్చి పోస్టుమ్యాన్ ఎవరి ముందట ఇచ్చిండో ఎరుకేనా? వైకుంఠం తమ్ముని ముందట. చదివి పొయ్యిల పెట్టిన.

నువ్ పుణెల కూసోని బొమ్మలు లెక్కవెట్టి నాకు గుర్రం నడక నేర్పుతున్నవా? నీకు గుర్రం తోక ఏదో మెడ ఏదో తెల్వనప్పుడు నిన్ను గుర్రమెక్కిచ్చినోన్ని నేను. నీ లెక్క తప్పు. గల్లీల బండలు ఎగుడుదిగుడుగ ఉన్నయ్, గందుకు గట్ల వడ్డది.

నీకోసం ఇంకో వీడియో పంపుతున్న. నిన్ననే తీసింది. చూడు, కండ్లు పెద్దగ చేసుకొని చూడు. రాణి లెక్క నడుస్తున్నది. నీ ముప్పై బొమ్మలు లెక్కవెట్టుకొని, తప్పు నాదే అన్నా అని రాయి.

వైకుంఠానికి ఫోన్ చేసినవో, చెల్లె లేదనుకుంట.

ఓదెలు

*

పుణె,
అక్టోబరు 30.

అన్నా,

వీడియో పదకొండో సెకనులో అమ్మ ఉంది.

నువ్వు చూసుకోలేదు. నువ్వు ఎప్పుడూ చమేలీనే చూస్తావు. చమేలీ తలుపు దాటగానే అమ్మ వెనక నుంచి నానిన శనగల గిన్నె పట్టుకుని వస్తుంది. ఫోన్ వైపు చూసి కొంగు సర్దుకుని, వాకిలి దాటి వెళ్లిపోతుంది. అరవై నాలుగు బొమ్మలు. అన్నీ ఒక్కొక్కటిగా ఆపి చూశాను. నలభై మూడో బొమ్మలో ఏదో అంటోంది, నోరు తెరిచి ఉంది. ఆఫీసులో అందరి మధ్యా కూర్చుని గట్టిగా ఏడ్చాను. శ్రవణ్‌కుమార్ మంచినీళ్లు తెచ్చిచ్చి, గుర్రం రాకపోతే ఏడవడమెందుకన్నాడు.

నిన్ననే తీశానన్నావు. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది.

అబద్ధం చెప్పినందుకు నీ మీద కోపం కూడా రావడం లేదు. ఇన్నాళ్లకు అమ్మ నడక చూపించావు. కానీ అన్నా, నువ్వు పంపిన అబద్ధం పక్కన ముందు పంపిన నిజాన్ని పెట్టి చూశాను. అప్పుడు నా తప్పు నాకు తెలిసింది.

గుర్రానికి కాలు నొస్తే ఏం చేస్తుందో చిన్నప్పుడు నువ్వే చెప్పావు. "నొప్పి కాలు నేల మీద పెట్టంగనే తలకాయ పైకి లేపుతది, దాని కాలు చూడకు, తలకాయ చూడు" అన్నావు. రెండు వీడియోల్లోనూ చమేలీ తల కదలడం లేదు. దానికి నొప్పి లేదు. అది కుంటడం లేదు. రెండడుగులకోసారి ఎవరికోసమో ఆగుతోంది, అంతే.

మొదటి వీడియోలో ఆరు కాళ్లున్నాయి. నేను నాలుగే లెక్కపెట్టాను. చమేలీ అవతల లగామ్ పట్టుకుని నడుస్తున్న నీ రెండు కాళ్లు దాని కాళ్ల సందులోంచి కనపడుతూనే ఉన్నాయి. బొమ్మ గీసేటప్పుడు మాకు అక్కర్లేనిది చెరిపేసుకుంటాం. నీ కాళ్లను నా చేత్తో నేనే చెరిపేశాను. నిన్న మళ్లీ గీశాను. అమ్మ ఉన్న పాత వీడియోలో నీ రెండు కాళ్లూ సమానంగా పడుతున్నాయి, చమేలీవీ సమానంగా పడుతున్నాయి. ఇప్పుడు నీ ఎడమ కాలు నేలకు ఆనీ ఆనకముందే లేస్తోంది. ఆ పాదానికి గుడ్డ చుట్టి ఉంది. చెప్పు కరిస్తే అంత గుడ్డ చుట్టరు. నువ్వు ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చేదాకా చమేలీ ఆగి, నీతో పాటు అడుగేస్తోంది.

ఆ కాలికి ఏమైంది అన్నా?

నలభై ఒక్కసార్లు ఫోన్ చేశాను. వీణకు చేశాను. చెప్పొద్దని నువ్వు దాని చేత కూడా ఒట్టు వేయించుకున్నావట, అక్కా అన్నను అడుగు అని ఏడుస్తోంది. ఎంతమందితో ఎన్ని ఒట్లు పెట్టిస్తావు? ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నువ్వు హలో అన్నంత మాత్రాన గుర్రం చావదు. నీకు షుగరు ఉందని అమ్మ చెబుతుండేది. షుగరున్న మనిషి కాలికి దెబ్బ తగిలితే ఏమవుతుందో నీకు తెలియదా?

నేనూ ఒకటి దాచాను. మా దగ్గర ఇద్దరిని తీసేశారు, మూడో పేరు నాది. ఇప్పుడు కంప్యూటరుకు ఒక ఫొటో ఇస్తే నిమిషంలో గుర్రాన్ని ఉరికిస్తోంది. ఒక్కోసారి ఐదో కాలు వస్తుంది, దాన్ని చెరపడానికి ఒక మనిషి చాలంటున్నారు. ఏడో తారీఖున నా గుర్రం బాగుంటేనే నేను ఉంటాను. అది ఇచ్చేసి ఎనిమిదో తారీఖు పొద్దున మొఘల్‌పురాలో దిగుతాను. ఈ లోపల నువ్వు దవాఖానకు పో. కాళ్లు మొక్కుతాను, పో.

తనూజ

*

మొఘల్‌పురా,
నవంబరు 4.

చెల్లే,

అమ్మ ఉన్నదని నాకు తెల్వదు. నీ ఉత్తరం చదివి వీణను పిలిచి, పదకొండో సెకను కాడ ఆపమన్న. నలభై మూడో బొమ్మల అమ్మ ఏమంటున్నదో నాకు యాదికున్నది. "దానికి నేను పెడ్త గని, ముందు నువ్ తిను" అంటున్నది. రోజూ అదే మాటనాయె.

ఇంక దాచుడు లేదు, రాస్త.

దసరాకు ముందు చమేలీ గిట్టలకు కొత్త ఇనుప నాలు కొట్టిచ్చిన. పాత నాలు మేకు ఒకటి ఆకిట్ల వడ్డది. దాని మీద కాలు వెట్టిన. నెత్తురు రాలే, నొప్పి కూడ లేకుండె. మేకు చెప్పుల నుంచి లోపలికి పోయిందని రెండు రోజులకు చూసిన. చమేలీ గిట్టలకు రాసే నల్లటి పూత మందు ఉన్నది గదా, అదే రాసిన. దాని గిట్టకు మానుతది, నాకెందుకు మానదనుకున్న. బాపు గూడ గట్లనే చేసేటోడు. దినాం రాసిన. మందు నల్లగుంటది, కాలు గూడ నల్లగైంది. మందేదో కాలేదో తెల్వలే నాకు. వాసన వచ్చినంక తెలిసింది.

పోయిన నెల దవాఖానకు పోయిన. డాక్టరమ్మ చూసి, ఇన్నొద్దులు ఏం చేసినవని మొత్తుకున్నది. కాలివేళ్లు రెండు తీసేయాలె, ఆలస్యం చేస్తే మడిమె, ఇంక చేస్తే మోకాలు అన్నది. రేపే చేరమన్నది. తలకాయ ఊపి ఇంటికొచ్చిన.

కోపం చేసుకోకు, నా మాట ఇను. కుంటోడు లగామ్ పట్టిన గుర్రాన్ని పెండ్లికొడుకు ఎక్కడు. శకునం మంచిది కాదంటరు. పైకి అనరు గని ఇంకోసారి పిలువరు. ఇరవై ఎనిమిదేండ్ల సంది చూస్తున్న, నాకెరుక. చమేలీ ఇంకొకని చేతిల నడవదు. దానికి నేను తప్ప ఎవ్వలు లేరు. నాకూ అదొక్కటే ఉన్నది. నువ్వున్నవ్ గని నువ్ పుణెల ఉన్నవ్.

నాకు దినాం భయమైతున్నది. పొద్దున లేవంగనే ముందుగాల కాలు చూసుకుంట. జ్వరం వస్తున్నది. దుప్పటి కప్పుకొని చమేలీ పక్కన కూసుంటున్న. ఎవ్వలతోని చెప్పుకోను? వీణ చిన్నపిల్ల. వైకుంఠానికి చెప్తె కథ ఒడిసిపాయె.

గని నువ్ రాసినదాంట్ల ఒక్క మంచి మాట ఉన్నది. చమేలీకి కుంటు లేదన్నవ్, నన్ను చూసి ఆగుతున్నదన్నవ్. నేను దాని కాలే ఖరాబైందేమోనని లోపల లోపల చచ్చిపోతున్న, నిన్ను తిట్టింది గూడ గందుకే. నేను కుంటకుంటె అది గూడ కుంటదు. మస్తు ఆలోచన చేసి చెప్పినవ్. ఎల్లుండి వైకుంఠం వస్తడు. ముప్పై అడుగులు సీదా నడుస్త, ఎడమ కాలు పూర్తిగ ఆనిచ్చి. నిన్న గల్లీల ఎవ్వలు లేనప్పుడు పదడుగులు నడిచి చూసిన. నడవొచ్చు. పండ్లు కరుసుకోవాలె, గంతే.

వైకుంఠం ఒప్పుకున్న తెల్లారే దవాఖానల చేరుత. నువ్ నీ గుర్రాన్ని సక్కగ ఇచ్చి రా. తొందర వడకు.

అన్న
ఓదెలు

*

అఫ్జల్‌గంజ్,
దవాఖాన, మొగోళ్ల వార్డు బయట బెంచి మీద,
నవంబరు 11.

అన్నా,

మన మాటల్నే రాస్తున్న. బుక్కు తెలుగు ఇంక నాతోని కాదు.

నర్సమ్మ చెప్పింది, నన్ను లోపలికి పంపొద్దని నువ్ చెయ్యి ఊపినవట. నాలుగు రోజుల సంది, చమేలీకి మేత పెట్టొచ్చుడు తప్ప, ఈ బెంచి మీదనే ఉన్న. ఒట్టు ఇంక పట్టుకొని ఉన్నవో, సంతకం పెట్టిననని కోపమో తెల్వదు. ఈ కాయితం ఆమెతోని పంపుతున్న, చదువు.

నీ ఉత్తరం ఆరో తారీఖు పొద్దున పది గంటలకు వచ్చింది. "ముప్పై అడుగులు సీదా నడుస్త" అన్న కాడికి వచ్చినంక కాయితం కింద పడేసి వీణకు ఫోన్ చేసిన. అన్నను ఆపు అన్న. "ఇంక ఏం ఆపాలె అక్కా, పడిపాయె" అన్నది.

వైకుంఠం మామ ఈడికే వచ్చి కూసుంటున్నడు. రోజూ అదే చెప్తున్నడు. లెక్క ఆయననే పెట్టిండట. ఒక్క అడుగు వంకర వోలేదట, చమేలీ తలకాయ ఎత్తుకొని కొత్త గుర్రం లెక్క నడిచిందట. ముప్పై అనంగనే నువ్ లగామ్ ఇడువకుండనే కింద వడ్డవట. చమేలీ నీకు అడ్డంగ నిలబడి ఎవ్వల్నీ దగ్గరికి రానియ్యలేదట. "ముప్పై అని నేనే అన్న బిడ్డా, ఇరవై అన్నా సరిపోయేది" అని తల కొట్టుకుంటున్నడు. ఆయనకు నేనేం చెప్పను? సీదా నడిస్తే చాలని నీకు చెప్పింది నేను. బొమ్మలు లెక్కవెట్టి, ఆరు కాళ్లు దొరికినయని సంబురపడి నీకు రాసిన. నువ్ దాన్ని పట్టుకొని నడిచినవ్. ఏడో తారీఖు దాక ఆగకుండ అప్పుడే బస్సెక్కితే నీకు రెండు కాలివేళ్లే పోయేటియి. కార్టూన్ గుర్రం కోసం ఆగిన నేను. ఈ మాట ఎవ్వలతోని చెప్పలే, నీకే చెప్తున్న.

నేను ఏడో తారీఖు పొద్దున దిగినప్పుడు నీకు తెలివి లేదు. డాక్టరమ్మ మోకాలు కింద చెయ్యి పెట్టి చూపిచ్చింది. ఈడికి తీసేయాలె, పొద్దుగూకే లోపల తీయకుంటె మనిషి దక్కడన్నది. కాలు తీయనియ్యొద్దని నువ్ వీణకు చెప్పినవట. అది నా కొంగు పట్టుకొని చెప్పింది. అయినా సంతకం పెట్టిన. గీత మీద పడలేదని ఇంకోసారి పెట్టమన్నరు, ఇంకోసారి పెట్టిన. నువ్ నన్ను జన్మల క్షమించకున్నా మంచిదే, తిట్టుటానికన్న అన్న ఉండాలె నాకు.

నా పని పోయింది. చెప్పకుండ వచ్చినందుకు పోయిందో, ముందే పోయేదుండెనో తెల్వదు. అడగలే.

చమేలీ ముచ్చట చెప్తనని ఇన్ని రాసిన. మూడొద్దులు ఏమీ ముట్టలే. నిన్న నేను శనగలు నానబెట్టి అమ్మ గిన్నెల పెడితే తిన్నది. పొద్దున లగామ్ పట్టుకొని బోరింగు దాక తీసుకపోయిన. కరుస్తదని భయపడ్డ గని కరవలే. గని అన్నా, అది రెండడుగులకోసారి ఆగుతున్నది. నా రెండు కాళ్లు మంచిగనే ఉన్నయ్. అయినా ఆగి, కింద చూసి, నీ ఎడమ కాలు కోసం ఎదురుచూస్తున్నది. ఏం చెయ్యాల్నో నాకు తెల్వక, నేను గూడ ఎడమ కాలు ఈడ్చుకుంట నడిచిన. అప్పుడు వచ్చింది. గల్లీల అందరు చూసిండ్రు. చూడనీ అనుకున్న.

వైకుంఠం మామ మాట తప్పనంటున్నడు, సీజన్ చమేలీదే అంటున్నడు. ఇరవై మూడున మొదటి బరాత్. ఆడపిల్ల లగామ్ పడితే పెండ్లోళ్లు ఏమంటరో నాకు తెల్వదు. గట్ల ఆగుకుంట కుంటుకుంట నడిస్తే చమేలీని మళ్ల ఎవ్వలు పిలువరన్నది మాత్రం తెలుసు. తర్వాత అది ఎవరి చేతికి పోతదో గూడ తెలుసు. దాన్ని నేను ఎట్ల నడిపియ్యాలె, చెప్పు. తిట్టుకుంటనన్నా చెప్పు. నీ గొంతు వినక ఎనిమిది నెలలాయె.

తనూజ

*

(మందుల చీటీ వెనక)

తనూజా,

ఒట్టు ఫోన్‌కు పెట్టిన, మనిషికి కాదు. సంతకం మీద గూడ కోపం లేదు.

నిన్ను వద్దన్నది గందుకు కాదు. దుప్పటి కింద ఎడమ దిక్కు చదునుగ ఉన్నది. అది నువ్ చూడొద్దనుకున్న. ఒక్క బొమ్మ తక్కువైనా పట్టుకునే కన్ను నీది.

చమేలీకి ఎడమ దిక్కు నడువు. లగామ్ కుడిచేత, జర కిందికి పట్టు. నీ కాలు ఈడ్వకు. సీదా నడువు. అది ఆగినా నువ్ ఆగకు, ఎనుకకు చూడకు. నాలుగొద్దులు నాకోసం చూస్తది, అయిదోనాడు మరుస్తది. మరువాలె. అది మరిస్తెనే బతుకుతది.

అమ్మ గిన్నెల పెట్టినవ్, మంచిగ చేసినవ్.

పొద్దటి సంది కాలు నొస్తున్నది చెల్లే. లేని కాలే నొస్తున్నది. నర్సుకు చెప్తే నవ్వుతదని చెప్పలే. బయట కూసోకు, లోపలికి రా.